ఒకే నేరం, రెండు కోర్టులు, మధ్యలో ఒక బిడ్డ

సంపాదకులకు నమస్కారం.

పసిపిల్లల మీద లైంగిక దాడి జరిగిందన్న వార్త వచ్చి, నిందితుడు 18 ఏళ్ల లోపువాడని తెలిసినప్పుడల్లా పాఠకుల ఉత్తరాల్లో ఒకే ప్రశ్న కనిపిస్తుంది: "మైనర్ అని మూడేళ్లతో వదిలేస్తారా?" ఆ ఆవేదన మాకు అర్థమవుతుంది. కానీ జిల్లా కోర్టుల్లోనూ 18 ఏళ్ల లోపు నిందితులను విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డుల్లోనూ బాధిత పిల్లల పక్షాన పనిచేసేవాళ్లం కనుక ఒక మాట గట్టిగా చెప్పదలిచాం. చాలా కేసులు శిక్ష మాట వచ్చేదాకా నిలవడం లేదు. మొదటి నెలలోనే చేజారుతున్నాయి. ఎక్కడ జారుతున్నాయో వివరంగా రాస్తున్నాం. ఉత్తరం పెద్దదే, వీలైతే కుదించకుండా వేయండి.

ముందుగా ఆ మూడేళ్ల సంగతి. 2016 జనవరి 15న అమల్లోకి వచ్చిన జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం, 16 నిండి 18 నిండని పిల్లవాడి మీద ఘోర నేరం ఆరోపణ ఉంటే అతన్ని పెద్దవాడిలా విచారించే వీలుంది. కనీస శిక్ష ఏడేళ్లు, అంతకు మించి ఉన్న నేరాన్నే చట్టం ఘోర నేరం అంటుంది. మరణశిక్ష, విడుదలకు అవకాశమే లేని యావజ్జీవం తప్ప మిగిలిన శిక్షలు అతనికి పడవచ్చు. 21 ఏళ్లు వచ్చేదాకా ప్లేస్ ఆఫ్ సేఫ్టీలో (ఇలాంటి పిల్లలను జైలుకు బదులు ఉంచే సురక్షిత గృహంలో) ఉంచుతారు, తర్వాత అతనిలో వచ్చిన మార్పును చూసి వదిలేయాలా, జైలుకు పంపాలా అన్నది కోర్టు తేలుస్తుంది. మూడేళ్ల గరిష్ఠ పరిమితి 16 లోపు పిల్లలకు, బోర్డు తన దగ్గరే ఉంచుకున్న కేసులకు వర్తిస్తుంది.

ఇక కేసు నడక. ఒక ఊహా కేసు అనుకుందాం. పదేళ్ల పాప. నిందితులు ముగ్గురు: ఒకడికి 19, ఒకడికి 17, ఒకడికి 15. నేరం ఒకటే, ఎఫ్‌ఐఆర్ ఒకటే. అక్కడి నుంచి దారులు వేరు. 19 ఏళ్లవాడి ఛార్జిషీటు పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) ప్రత్యేక కోర్టుకు వెళ్తుంది. 15 ఏళ్లవాడి విచారణ బోర్డులోనే మొదలై బోర్డులోనే ముగుస్తుంది. 17 ఏళ్లవాడిని పెద్దవాడిలా చూడాలా, పిల్లవాడిలా చూడాలా అన్నది ముందు బోర్డు తేల్చాలి, దీన్నే ప్రాథమిక అంచనా అంటారు. పెద్దవాడిలానే అంటే కేసు పిల్లల కేసుల కోసం ఉన్న చిల్డ్రన్స్ కోర్టుకు పోతుంది. పిల్లలను, పెద్దలను కలిపి ఒకే విచారణలో కూర్చోబెట్టకూడదని జువెనైల్ చట్టం 23వ సెక్షన్. నేరం చేసినవాడు పిల్లవాడైతే జువెనైల్ చట్టం కిందే చూడాలని పోక్సో చట్టం 34వ సెక్షన్. మరి ఆ పాప? ఆమె ఒక్కతే. జరిగింది ప్రతి చోటా చెప్పాలి, ప్రతి చోటా నిందితుడి లాయరు ప్రశ్నలకు, అంటే క్రాస్ ఎగ్జామినేషన్‌కు నిలబడాలి. ఒక కోర్టులో ఇచ్చిన సాక్ష్యాన్ని తెచ్చి ఇంకో కేసులో పెట్టేస్తే సరిపోదు, ఆ రెండో నిందితుడికీ ఆమెను ప్రశ్నించే హక్కు ఉంది కాబట్టి.

2022 మేలో ఒక బాలిక మీద సామూహిక లైంగిక దాడి జరిగిన జూబ్లీహిల్స్ ఘటనతో మన దగ్గర చాలామందికి ఈ చీలిక తెలిసొచ్చింది. అందులో ఒక మేజర్, ఐదుగురు మైనర్లు. సెప్టెంబరు చివర్లో బోర్డు నలుగురిని పెద్దవాళ్లలా విచారించాలంది. ఆ వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. పెద్ద పేపర్లు రోజూ రాసిన కేసే ఇన్ని మెట్లు ఎక్కితే, మారుమూల మండలంలో ఎవరూ రాయని కేసు సంగతి ఊహించుకోవచ్చు.

మొదటి జారుడు మెట్టు పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు రాసే బల్ల దగ్గరే ఉంది. చిన్నపిల్లలు "చెడ్డ పని చేశాడు", "అక్కడ పెట్టాడు", "మంట పుట్టింది" అంటారు. రైటర్, అంటే స్టేషన్లో ఫిర్యాదులు రాసే పోలీసు, దాన్ని తన భాషలోకి దింపుతాడు. "అసభ్యంగా ప్రవర్తించాడు" అని ఒక వాక్యం పడుతుంది. ఈ ఒక్క వాక్యంతో కేసు దారే మారిపోతుంది. అసభ్యంగా తాకడమే అయితే పోక్సో 8వ సెక్షన్, మూడు నుంచి ఐదేళ్లు. అది ఘోర నేరం కాదు. శరీరంలోకి చొప్పించిన దాడి అయితే 4వ సెక్షన్, 2019 సవరణ తర్వాత కనీసం పదేళ్లు, బిడ్డ 16 లోపు అయితే కనీసం ఇరవై. అది ఘోర నేరం. పన్నెండేళ్ల లోపు బిడ్డ అయితే 6వ సెక్షన్, అదీ ఇరవై ఏళ్ల నుంచే మొదలు. అంటే పదిహేడేళ్ల నిందితుడిని పెద్దవాడిలా విచారించాలా అన్న ప్రశ్న పుట్టడమా, పుట్టకపోవడమా అన్నది రైటర్ రాసిన క్రియాపదం మీద ఆధారపడుతోంది. తర్వాత మేజిస్ట్రేట్ ముందు పాప అసలు సంగతి చెప్పినా, సెక్షన్లు మార్చే మెమో బోర్డుకు చేరేసరికి కుర్రాడు బెయిలు మీద ఇంటికి వచ్చి ఉంటాడు.

దీనికి ఉల్టాగా, రైటర్ కేసు బలంగా ఉండాలని "లైంగిక దాడికి పాల్పడ్డాడు" అని రాస్తాడనుకుందాం. రెండేళ్ల తర్వాత డిఫెన్స్ లాయరు అడిగే మొదటి ప్రశ్న అదే: "పాపా, లైంగిక దాడి అంటే ఏంటి?" పాప నోరు తెరవదు. "ఈ మాట నువ్వు చెప్పలేదు కదా, పోలీసులే రాసుకున్నారు కదా?" పాప తల ఊపుతుంది. ఆ తల ఊపడం రికార్డుకెక్కుతుంది. బిడ్డ ఎలా చెబితే అలానే రాయాలని పోక్సో 25, 26 సెక్షన్లు ఊరికే చెప్పలేదు. బొమ్మ మీద చూపిస్తే బొమ్మ మీద ఎక్కడ చూపించిందో రాయాలి. లంబాడీ, కోయ, గోండు భాషల్లో చెబితే దుబాసీని పెట్టి, ఆ భాషలో అన్న మాటను తెలుగు లిపిలో రాసి, పక్కన అర్థం రాయాలి. వాంగ్మూలం బిడ్డ ఇంట్లోనో, తనకు నచ్చిన చోటనో తీసుకోవాలి. వీలైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా వెళ్లాలి. ఏ కారణం చేతనైనా సరే బిడ్డను రాత్రిపూట స్టేషన్లో ఉంచకూడదు.

ఇక్కడే తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. నిందితుడు 18 లోపువాడై, ఆరోపణ ఘోర నేరం కానప్పుడు, పెద్దవాళ్లెవరూ అందులో లేనప్పుడు, కేంద్ర నమూనా నియమాల ప్రకారం ఎఫ్‌ఐఆర్ కట్టరు. జనరల్ డైరీలో రాసి, పిల్లవాడి సామాజిక నేపథ్య నివేదికతో బోర్డుకు పంపుతారు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఇవ్వలేదని, కేసు నొక్కేశారని చాలా కుటుంబాలు అనుకుంటాయి. డైరీ నంబరు, తేదీ రాయించుకుని, బోర్డులో కేసు నంబరు వచ్చిందో లేదో కనుక్కోవాలి. ఘోర నేరమైతే మాత్రం ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి, స్టేషన్ పరిధి కాదన్నా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందే.

వయసు దగ్గర జరిగే పొరపాటు ఇంకా ప్రమాదం. ఈ కేసుల్లో రెండు వయసులు తేలాలి: బిడ్డకు 18 నిండలేదన్నది, నిందితుడికి నిండిందా అన్నది. జువెనైల్ చట్టం 94వ సెక్షన్ వరస చెబుతుంది. ముందు బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా టెన్త్ మెమో. అవి లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ జనన ధ్రువపత్రం. ఏదీ లేకపోతేనే ఎముకల పరీక్ష, అది ఆదేశం వచ్చిన 15 రోజుల్లో పూర్తి కావాలి. ఆ జాబితాలో ఆధార్ లేదు. టీసీ ఒక్కటే పెడితే సరిపోదని 2023లో సుప్రీంకోర్టు ఒక పోక్సో కేసులో తేల్చేసింది. అయినా ఛార్జిషీట్లకు ఇప్పటికీ ఒక బోనఫైడ్ కాగితం కుట్టి పంపుతున్నారు. చేయవలసింది కష్టమేమీ కాదు. బిడ్డ మొట్టమొదట చేరిన బడికి వెళ్లి అడ్మిషన్ రిజిస్టరులో ఆ పేజీ నకలు తీసుకోవాలి, దాన్ని సంరక్షించే ప్రధానోపాధ్యాయుడిని సాక్షుల జాబితాలో పెట్టాలి. మన పల్లెల్లో పుట్టినరోజు తెలియని పిల్లలకు బడిలో వేసేటప్పుడు అయ్యవారే ఏదో ఒక జూన్ తేదీ వేసే అలవాటు ఉంది. క్రాస్‌లో దాన్నే పట్టుకుంటారు. ఆ తేదీ ఎవరు చెప్పారు, ఏ కాగితం చూసి రాశారు అన్నది దర్యాప్తులోనే తల్లిని, అంగన్‌వాడీ టీచరును అడిగి రాసి ఉంచితే ఆ ప్రశ్నకు జవాబు చేతిలో ఉంటుంది. ఎముకల పరీక్షలో మణికట్టు, మోచేయి లాంటి కీళ్ల ఎక్స్‌రేలు తీసి ఒక అంచనా ఇస్తారు, అందులో రెండేళ్లు అటూ ఇటూ తేడా ఉండొచ్చు. 17 ఏళ్ల పిల్ల కేసు దాని మీద నిలబడడం కష్టం.

నిందితుడి వయసు అరెస్టు రోజే చూడాలి. మైనర్‌నని ఏ దశలోనైనా, ఏ కోర్టులోనైనా, కేసు ముగిశాక కూడా చెప్పుకోవచ్చని చట్టంలోనే ఉంది. 2024 మార్చిలో సుప్రీంకోర్టు తమిళనాడుకు చెందిన ఒక కేసు మొత్తాన్ని కొట్టేసింది. నిందితుడు మైనర్ అని తెలిసి కూడా బోర్డు ముందు ప్రాథమిక అంచనా జరపకుండా నేరుగా పై కోర్టులో విచారించారన్నదే కారణం. ఆ బాధిత కుటుంబానికి ఇన్నేళ్ల తర్వాత మిగిలింది ఏమిటి? మన దగ్గర 2019 నవంబరు నాటి దిశ కేసు సంగతి అందరికీ తెలుసు. చటాన్‌పల్లి పోలీసు కాల్పుల్లో చనిపోయిన నలుగురిలో ముగ్గురు ఆనాటికి 18 నిండనివాళ్లేనని సిర్పూర్కర్ కమిషన్ నివేదిక చెప్పింది. ఆ నివేదిక 2022లో బయటికి వచ్చింది.

వైద్య పరీక్ష గురించి. సమాచారం అందిన 24 గంటల్లో బిడ్డను డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. ఆడపిల్లను మహిళా డాక్టరే చూడాలి, పక్కన బిడ్డ నమ్మే మనిషి ఉండాలి. ఎఫ్‌ఐఆర్ లేదనో, పోలీసు లెటరు తేలేదనో ఏ ఆస్పత్రీ చికిత్స ఆపకూడదు. పన్నెండేళ్లు దాటిన బిడ్డయితే ఆమె సమ్మతి కూడా అడగాలి. ఆమె చెప్పిన మాటలను డాక్టరు తన నివేదికలో రాస్తారు, ఆ మాటలకు కోర్టులో విలువ ఉంది. అందుకే "కడుపునొప్పితో వచ్చింది" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే తర్వాత అదే డిఫెన్స్ ఆయుధం అవుతుంది. గాయాలు లేవంటే దాడి జరగలేదని అర్థం కాదు. తెలిసినవాడు బెదిరించో బుజ్జగించో చేసిన దాంట్లో గాయాలు లేకపోవడమే ఎక్కువ. రెండు వేళ్ల పరీక్ష చేస్తే దుష్ప్రవర్తన కింద లెక్క అని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో స్పష్టంగా చెప్పింది. డాక్టరు నివేదికను ఏడు రోజుల్లో దర్యాప్తు అధికారికి పంపాలి.

తల్లులు చేసే పొరపాటు ఒకటుంది, అది చాలా సహజమైన పొరపాటు: బిడ్డకు స్నానం చేయించి, బట్టలు ఉతికేస్తారు. ఉతికినా ఆ బట్టలు ఇవ్వాలి. తడిగా ఉంటే నీడలో ఆరనిచ్చి, ఒక్కో బట్టను వేరే వేరే కాగితం సంచిలో పెట్టాలి. ప్లాస్టిక్ కవరులో మూటకట్టి ఇస్తే తేమకు బూజు పట్టి ల్యాబ్‌కు వెళ్లేలోపు ఆనవాళ్లు పోతాయి. గర్భం వచ్చిన కేసుల్లో 24 వారాల వరకు తొలగించే వీలు మైనర్లకు చట్టంలో ఉంది. ఆ తర్వాతైతే హైకోర్టు గడప తొక్కాల్సి వస్తోంది, అందుకే ఒక్క వారం ఆలస్యం కూడా ఖరీదే. తీసిన కణజాలాన్ని ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్‌ఏ పాడవుతుంది, సెలైన్‌లో పెట్టి చల్లగా ఉంచి పంపాలి. ఆపరేషన్ థియేటర్‌లో అలవాటుగా ఫార్మలిన్ సీసా అందించే చేతికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచాలి.

పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ సమితికి, ప్రత్యేక కోర్టుకు తెలపాలి. ఇంట్లోవాడే నిందితుడైతే బిడ్డను సమితి ముందుకు తీసుకెళ్లాలి. బిడ్డ ఇంట్లో ఉండడం క్షేమమా కాదా అన్నది సమితి మూడు రోజుల్లో తేల్చాలి. సపోర్ట్ పర్సన్‌ను పెట్టేదీ సమితే. కేసు మొదటి రోజు నుంచి తీర్పు దాకా బిడ్డ పక్కన ఉండి, రేపు కోర్టులో ఏం జరుగుతుందో చెప్పి, పేషీ తేదీ చెప్పి, బడి మానకుండా చూసే మనిషి. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ ఏర్పాటు మీద గట్టి ఆదేశాలిచ్చింది. అయినా చాలా చోట్ల ఆ నియామకం ఛార్జిషీటు దశలో ఎవరో గుర్తుచేస్తేనో, అసలు సాక్ష్యం రోజునో జరుగుతోంది. ఈ మధ్యలోనే పెద్దమనుషుల పంచాయితీ కూర్చుంటుంది. "ఎంతిస్తే వదిలేస్తారు?", "పిల్ల పెళ్లి ఎలా అవుతుంది?" అని మొదలవుతుంది. రాజీ కుదిరిందన్న సాకుతో పోక్సో కేసు కొట్టేయడం కుదరదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఆ పంచాయితీల దాకా చేరలేదు. నిజానికి వాళ్లు కేసు ఎత్తేయించరు, బిడ్డ నోరు మూయిస్తారు. తోడుగా ఒక మనిషి మొదటి వారంలోనే ఆ ఇంటికి వెళ్లి ఉంటే సగం పంచాయితీలు జరగవని మా నమ్మకం.

ఇక బోర్డు. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, వారిలో ఒకరు తప్పనిసరిగా మహిళ. పిల్లవాడిని పట్టుకున్న 24 గంటల్లో అక్కడికి తేవాలి, లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు. ఇవన్నీ మేం మనస్ఫూర్తిగా సమర్థించే నియమాలే. 12వ సెక్షన్ ప్రకారం నేరం ఏదైనా బెయిలు ఇవ్వడమే పద్ధతి. చెడు సావాసంలో పడతాడని గానీ, అతనికే ప్రమాదమని గానీ, న్యాయానికి అడ్డమవుతుందని గానీ అనిపిస్తేనే నిరాకరించాలి. బాధిత కుటుంబానికి ఇది మింగుడుపడదు. మూడు వారాలకే ఆ కుర్రాడు అదే వీధిలో కనిపిస్తాడు. బెయిలు వద్దని వాదించడం కన్నా, ఇచ్చే బెయిలుకు షరతులు అడగడం ఎక్కువ పనికొస్తుంది: వేరే ఊళ్లో బంధువుల ఇంట్లో ఉండాలి, బడి మారాలి, బిడ్డ ఇంటి వైపు, ఫోన్ వైపు రాకూడదు, పిల్లవాడి నడతను గమనించే ప్రొబేషన్ అధికారి దగ్గర తరచూ హాజరు వేయించుకోవాలి. ఇవి పీపీ (ప్రభుత్వ న్యాయవాది) ద్వారా మొదటి పేషీలోనే రాతపూర్వకంగా బోర్డు ముందు పెట్టాలి. రెండో పేషీకి ఆలస్యమైపోతుంది.

ప్రాథమిక అంచనా మొదటి హాజరు నుంచి మూడు నెలల్లో పూర్తి కావాలని చట్టం. అందుకు పోలీసులు సాక్షుల వాంగ్మూలాలను నెల రోజుల్లో బోర్డుకు ఇవ్వాలి. ఇక్కడ తేల్చేది నేరం చేశాడా లేదా అన్నది కాదు. ఆ నేరం చేసే శారీరక, మానసిక సామర్థ్యం ఉందా, పర్యవసానాలు తెలిసే స్థితిలో ఉన్నాడా, ఏ పరిస్థితుల్లో జరిగిందన్నారు, ఇవి చూడాలి. బోర్డులో చైల్డ్ సైకాలజీ చదివినవాళ్లు లేకపోతే నిపుణుల సాయం తప్పనిసరి అని 2022 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ వచ్చే నివేదికల్లో ఎక్కువ భాగం ఒక ఐక్యూ అంకె, కింద "సామర్థ్యం ఉన్నది" అన్న ఒక్క వాక్యం. అలాంటి నివేదిక మీద ఇచ్చిన ఆర్డరు అప్పీలులో పడిపోతుంది. మళ్లీ అంచనా, మళ్లీ ఆర్డరు, మళ్లీ అప్పీలు. మూడు నెలల గడువు దాటినంత మాత్రాన అంచనా చెల్లకుండా పోదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. కేసు నిలబడడానికి అది మంచిదే గానీ, గడువు మీద ఉన్న కాస్త భయం కూడా పోయింది. కేసు చిల్డ్రన్స్ కోర్టుకు వెళ్లాక ఆ కోర్టు కూడా పెద్దవాడిలా విచారించాలా అని మరోసారి తేల్చాలి. ఇదంతా తేలేలోగా ఏడేళ్ల పాపకు పదేళ్లు వస్తాయి. జరిగింది మర్చిపొమ్మని ఇంట్లో రోజూ చెబుతుంటారు, ఒక్కటీ మర్చిపోకుండా చెప్పమని కోర్టు పిలుస్తుంది.

బోర్డు గది గురించి ఒక మాట. ఆ గదిని నిందితుడైన పిల్లవాడు బెదరకుండా ఉండేలా తీర్చారు: నల్లకోట్ల హడావుడి ఉండదు, ఎత్తైన బల్ల ఉండదు, అందరూ దగ్గర దగ్గరగా కూర్చుంటారు. బాధిత బిడ్డ సాక్ష్యానికి వచ్చినప్పుడు సరిగ్గా ఆ దగ్గరతనమే ఆమెకు శిక్ష అవుతుంది. చేయి చాస్తే అందే దూరంలో అతను. పోక్సో చట్టంలో నిందితుడు కంటపడకుండా చూడమన్న 36వ సెక్షన్, ప్రశ్నలు జడ్జి ద్వారానే అడగమన్న 33వ సెక్షన్ ప్రత్యేక కోర్టును ఉద్దేశించి రాసినవి. బోర్డు వాటిని తానుగా పాటించవచ్చు, పాటించే బోర్డులూ ఉన్నాయి. ఒక మడత తెర, లేదంటే పక్క గదిలో ఒక కెమెరా, ఒక టీవీ. ఇందుకు జీవో కోసం ఎదురుచూడనక్కర్లేదు. 2022 జనవరిలో సుప్రీంకోర్టు జిల్లాల్లో పిల్లల్లాంటి బలహీన సాక్షుల కోసం ప్రత్యేక గదులు పెట్టమంది. ఆ గదులను బోర్డు కేసులకు కూడా ఇవ్వాలని హైకోర్టులు ఒక్క సర్క్యులర్ ఇస్తే చాలు. హైదరాబాద్‌లో బాధిత మహిళలకు, పిల్లలకు పోలీసులు నడిపే భరోసా కేంద్రంలో 2018 నుంచి పిల్లలకు అనువైన కోర్టు నడుస్తోంది, నమూనా కోసం వేరే రాష్ట్రం వెళ్లనక్కర్లేదు.

రెండు, మూడు చోట్ల సాక్ష్యం చెప్పే బాధను పూర్తిగా తీసేయలేం, తగ్గించగలం. పోక్సో ప్రత్యేక కోర్టే చాలా చోట్ల చిల్డ్రన్స్ కోర్టు కూడా. 19 ఏళ్లవాడి కేసు, 17 ఏళ్లవాడి కేసు ఒకే జడ్జి దగ్గర ఉన్నప్పుడు, విచారణలు వేరైనా బిడ్డ సాక్ష్యం రెండింటికీ ఒకే రోజు, ఒకదాని వెంట ఒకటి పెట్టొచ్చు. ఇందుకు పీపీ ఒక మెమో వేయాలి, అంతే. ఆ రోజు బిడ్డ కేసునే మొదట పిలవాలి. పదిన్నరకు వచ్చిన పాపను సాయంత్రం నాలుగింటి దాకా వరండాలో, నిందితుడి మేనత్తల పక్కన కూర్చోబెట్టి తర్వాత పిలిస్తే ఏ పాప మాట్లాడుతుంది? చీఫ్, అంటే పీపీ అడగగా బిడ్డ జరిగింది చెప్పడం, అయిన రోజే క్రాస్ కూడా అయిపోవాలి. మధ్యలో నెల వాయిదా పడితే ఆ నెలలోనే మాట మారుతుంది. ల్యాబ్ రిపోర్టు రాలేదని బిడ్డ సాక్ష్యం ఆపనక్కర్లేదు, కోర్టు కేసు చేపట్టిన 30 రోజుల్లో ఆమె సాక్ష్యం నమోదు చేయాలని 35వ సెక్షన్. పాలమూరు నుంచో అనంతపురం నుంచో వలస వెళ్లిన కుటుంబాలకు సమన్లు "ఇంట్లో లేరు" అని తిరిగొస్తుంటాయి. ఫోన్ నంబరు, మేస్త్రీ నంబరు, పని చేసే ఊరు సపోర్ట్ పర్సన్ దగ్గర ఉంటే ఆ ఇబ్బంది రాదు. అన్నీ కలిసొస్తే ఎంత త్వరగా అవుతుందో మనమే చూశాం. 2019 జూన్‌లో హన్మకొండలో తొమ్మిది నెలల పసికందు కేసులో ఆగస్టు 8నే తీర్పు వచ్చింది. ఉరిశిక్షను తర్వాత హైకోర్టు యావజ్జీవంగా మార్చింది. ఊరు ఊరంతా కదిలిన కేసుకు దొరికిన ఆ శ్రద్ధ మిగిలిన బిడ్డలకూ దక్కాలి కదా.

ఇంకో రకం కేసులు కూడా ఇదే దారిలో వస్తాయి. ఇష్టపడి ఇల్లు వదిలిన 16, 17 ఏళ్ల జంటలు. 18 లోపు సమ్మతికి చట్టంలో విలువ లేదు, గర్భం వస్తే 6వ సెక్షన్, ఇరవై ఏళ్ల కనీస శిక్ష. ఏడేళ్ల పాప మీద జరిగిన దాడిని, వీళ్ల కేసును ఒకే కొలబద్దతో కొలవడం సబబు కాదని మా అభిప్రాయం. కానీ ఆ తేడా స్టేషన్లో తేల్చేది కాదు. ప్రొబేషన్ అధికారి సామాజిక పరిశోధన నివేదికలో రావాలి, 15 రోజుల్లో రావాలి, ఇద్దరి ఇళ్లకూ వెళ్లి రాయాలి. అదే నివేదికలో నిందితుడైన పిల్లవాడి మీద గతంలో ఎవరైనా ఇలాంటి దాడి చేశారా అని కూడా అడగాలి. అడిగిన చోట జవాబులు వస్తున్నాయి. అలా తేలితే అతని తరఫున కూడా కేసు కట్టాలి, అతనూ ఒక బిడ్డే. నేరం చేసిన పిల్లలను ఉంచే స్పెషల్ హోమ్‌కు పంపామంటే పని అయిపోయినట్టు కాదు. లైంగిక ప్రవర్తన మీద శిక్షణ ఉన్న కౌన్సెలర్ అక్కడ లేకపోతే ఆ మూడేళ్లు ఒట్టి గోడల మధ్య కాలక్షేపమే.

డబ్బు సంగతి క్లుప్తంగా. తిండికి, బట్టలకు, ప్రయాణాలకు వెంటనే సాయం అందించమని సమితి సిఫారసు చేయవచ్చు, సిఫారసు అందిన వారంలో చెల్లించాలి. మధ్యంతర పరిహారం కోసం తీర్పు దాకా ఆగనక్కర్లేదు, ఎఫ్‌ఐఆర్ తర్వాత ఎప్పుడైనా ప్రత్యేక కోర్టును అడగవచ్చు. ఆదేశం అందిన 30 రోజుల్లో ప్రభుత్వం చెల్లించాలి. నిందితుడు దొరక్కపోయినా, కేసు కొట్టేసినా పరిహారం ఇచ్చే అధికారం కోర్టుకు ఉంది. దరఖాస్తు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా రాసిపెడుతుంది. ఎస్సీ, ఎస్టీ బిడ్డ అయి, నిందితుడు ఆ వర్గాలవాడు కాకపోతే అట్రాసిటీ చట్టం సెక్షన్లు కూడా చేర్చాలి, అప్పుడు దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి, ఆ చట్టం కింద సాయం విడిగా వస్తుంది. తండ్రే నిందితుడైన కేసుల్లో డబ్బు తండ్రి పేరు కలిసిన ఖాతాలో పడిన సందర్భాలున్నాయి. బిడ్డ పేరున, నమ్మదగిన సంరక్షకురాలితో కొత్త ఖాతా ముందే తెరిపించాలి.

చివరిగా మీకొక విన్నపం. పోక్సో 23వ సెక్షన్ బాధిత బిడ్డను, జువెనైల్ చట్టం 74వ సెక్షన్ బాధిత బిడ్డతో పాటు నిందితుడైన పిల్లవాడిని కూడా గుర్తుపట్టే వివరాలు వేయొద్దంటున్నాయి. పేపర్లు పేరు వేయడం లేదు, సంతోషం. కానీ మండలం పేరు, "ఆరో తరగతి చదువుతున్న", "తండ్రి ఆటో డ్రైవరు", "వరసకు మేనమామ", ఈ నాలుగూ ఒకే వార్తలో వస్తే ఆ ఊళ్లో గుర్తుపట్టనివాళ్లు ఉండరు. మర్నాటి నుంచి ఆ పిల్ల బడికి వెళ్లదు. జిల్లా ఎడిషన్‌లో వేసే ఇలాంటి వార్తల్లో జిల్లా పేరు దగ్గర ఆగండి, బంధుత్వం రాయకండి, కింద ఒక వరుసలో పిల్లల సహాయ ఫోన్ 1098 నంబరు వేయండి.

ఇట్లు,
పోక్సో కేసుల్లో బాలల పక్షాన పనిచేస్తున్న కొందరు న్యాయవాదులు, సపోర్ట్ పర్సన్లు